ఏడు లీకులు రాసిన రిజిస్టర్

గ్యాస్ కంపెనీ మనుషులు పదకొండు గంటలకు వచ్చారు. బచ్చన్నపేట దాటాక రోడ్డు పక్కన, ఒక పత్తిచేను గట్టుకు ఆనుకుని సిమెంటు గుంత ఉంది. దాని మూత తీశారు. భూమిలోంచి పోయే గ్యాస్ లైను నుంచి ఒక పైపు ముక్క పక్కకు వచ్చి ఉంటుంది. దానికో వాల్వు, ఆ వాల్వు చివర బోల్టులతో బిగించిన మూత. ఎప్పుడైనా మరో లైను కలపాల్సి వస్తుందేమోనని మొదట్లోనే వదిలిన మూతి అది. ఆ రోజు బోల్టులు విప్పి, మీటరు పెట్టి గ్యాసు రావడం లేదని చూసుకుని, మూతి మీద ఉక్కు డిప్ప పెట్టి వెల్డింగ్ మొదలుపెట్టారు.

నా మిత్రుడు గట్టు మీద నిలబడి చూస్తున్నాడు. భూపాలపల్లిలో థర్మల్ విద్యుత్ కేంద్రంలో ఆపరేటరుగా చేసి రిటైరైన మనిషి. తాను తయారుచేసే హైడ్రోజన్‌ను ఆ మూతి గుండా గ్యాస్ లైన్లోకి పంపడానికి అనుమతి కోసం మూడేళ్లు తిరిగాడు. ఆయన భార్య చేలోనే కలుపు తీస్తోంది. తల ఎత్తలేదు.

వెల్డర్ జనగామ నుంచి వచ్చిన కుర్రవాడు. ముఖానికి అడ్డం పెట్టుకున్న నల్లద్దం తీసి, "కాకా, జర దూరం జరుగు. కండ్లు పోతయ్" అన్నాడు.

"నా కండ్లకేం గాదు గని బిడ్డా, కింది పక్క సరిగ పట్టలే. సూదిమొనంత సందున్నది, చూడు."

కుర్రవాడు గుంతలోకి వంగి చూశాడు. "సచ్ బోలే కాకా, సందున్నది" అని నవ్వి, మళ్లీ అద్దం పెట్టుకుని ఆ చోట అతికాడు. పని అయ్యాక నా మిత్రుడే సబ్బు నీళ్లు తెచ్చిచ్చాడు. పూసి చూశారు. బుడగ రాలేదు. సిమెంటు మూత వేసి, సంతకం తీసుకుని వెళ్లిపోయారు.

ఆ పనిని తప్పు లేకుండా చేయించింది ఆయనే. దానివల్ల నష్టపోయిందీ ఆయనే. ఇది ఎలా జరిగిందో చెప్పాలంటే కొంచెం వెనక్కి పోవాలి.

థర్మల్ కేంద్రంలో హైడ్రోజన్ ఎందుకని నేనూ ఒకప్పుడు అడిగాను. మహబూబాబాద్‌లో విలేకరిగా ఉన్న రోజుల్లో ఏదో వార్త కోసం భూపాలపల్లి వెళితే ఆయన పరిచయమయ్యాడు. తిరిగే జనరేటర్ బాగా వేడెక్కుతుందట. చల్లబరచడానికి దాని కడుపులో గాలికి బదులు హైడ్రోజన్ నింపుతారు. ఆ గ్యాసును నీళ్లలోంచి విడదీసే చిన్న ప్లాంటు ఒకటి పక్కనే ఉంటుంది. ఆయన ఉద్యోగమంతా అందులోనే గడిచింది.

ఆ గ్యాసుకు రంగు లేదు, వాసన లేదు. అంటుకుంటే మంట కూడా ఎండలో సరిగ్గా కనిపించదు. అందుకే షిఫ్టు ఎక్కగానే సబ్బు నీళ్ల డబ్బా, గడ్డం గీసుకునే బ్రష్షు పట్టుకుని ప్రతి జాయింటు మీదా పూసుకుంటూ పోవడం మొదటి పని. బుడగ వస్తే లీకు. బిగించాలి, మళ్లీ పూయాలి, రిజిస్టర్‌లో రాయాలి. రోజూ 'లీకు లేదు' అని రాసే ఆపరేటర్‌ను పై ఇంజనీరు పిలిపించి, అసలు బ్రష్షు తడిపావా అని అడిగేవాడట. అందులో రాసింది చెరిపే పద్ధతి లేదు. తప్పు రాస్తే ఒకే గీత కొట్టి పక్కన పొడి సంతకం చేయాలి. గీత కింద ఏముందో చదవడానికి రావాలి. ఆ అలవాటు ఆయన ఒంటికి పట్టింది. ఇంట్లో కిరాణా చీటీ మీద కూడా అలాగే గీత కొట్టేవాడు.

ఆయనది గార్ల దగ్గర తండా. భార్యది బచ్చన్నపేట వైపు తండా. రోడ్డు పక్క చేను రెండెకరాలు ఆమెకు తల్లి నుంచి వచ్చింది. ఇద్దరూ రిటైర్మెంట్ తర్వాత అక్కడే రెండు గదులు వేసుకుని ఉన్నారు. చేను పక్కనే గ్యాస్ లైను పడింది. జనగామలో ఇళ్లకు పైపుల్లో వంటగ్యాసు ఇస్తారని చెప్పారు. ఆ గ్యాసులో కొంచెం హైడ్రోజన్ కలిపినా పొయ్యికి తేడా తెలియదని, దేశంలో ఎక్కడో ఒక టౌన్‌షిప్‌లో అలా కలిపి చూస్తున్నారని ఆయన పేపర్లో చదివాడు. ఇక ఆగలేదు. నూనెను గడ్డకట్టించడానికి హైడ్రోజన్ వాడే వనస్పతి ఫ్యాక్టరీ ఒకటి మూతపడితే, నీళ్లలోంచి ఆ గ్యాసు తీసే పాత యంత్రాన్ని అక్కడి నుంచి తెచ్చి, తానే బాగుచేసుకుని, రేకుల షెడ్డులో నిలబెట్టాడు. పైన సోలార్ పలకలు.

"పత్తికి లేని నీళ్లు నీ డబ్బకు యాడికెల్లి తెస్తవు?" అని భార్య నా ముందే అడిగింది.

"దినాం రెండు బిందెలు సాలు."

"ఆ రెండు బిందెలు మోసేది నేనే గదా. జనగామోళ్లకు చాయ్ కాగుతది, నాకు నడుం గుంజుతది. అన్నా, నువ్వన్న చెప్పు ఈ మనిషికి."

నేను చెప్పలేదు. ఆమె కూడా అడ్డుపడలేదు. దరఖాస్తుకు మొదటి షరతుగా ఆ రెండెకరాలను వ్యవసాయేతర భూమిగా మార్చాలన్నారు. ఆమె తహసీల్దార్ కార్యాలయానికి వెళ్లి వేలిముద్ర వేసి వచ్చింది. అనుమతి వస్తే అది ప్లాంటు భూమి. రాకపోతే ఏమవుతుందని ఆ రోజు ఎవరమూ అడగలేదు.

కాగితాల మూట పట్టుకుని ఆయన మహబూబాబాద్‌లో మా ఇంటికి వచ్చేవాడు. ఇంగ్లీషులో ఉన్న నిబంధనలు నేను చదివి అర్థం చెప్పాలి. ఒకసారి భార్య కూడా వెంట వచ్చింది. సహజవాయువు అంటే చట్టం ప్రకారం ఏమిటో చదివాను. బోరుబావుల్లోంచి వచ్చే, ప్రధానంగా హైడ్రోకార్బన్లతో కూడిన గ్యాసు అని ఉంది. బొగ్గు పొరల్లోంచి తీసే మీథేన్ కూడా అందులోకి వస్తుందని ఉంది. నీళ్లలోంచి తీసే హైడ్రోజన్ మాట లేదు.

"బొగ్గుకు సోటున్నది, నీళ్లకు లేదా?" అన్నాడాయన. బొగ్గు ఊళ్లో బతికిన మనిషి.

"మా బోర్లనయితే దుమ్ము తప్ప ఏం రాదు. గది రాసుకుంటరేమో అడుగున్రి" అంది ఆమె. ముగ్గురం నవ్వాం.

నవ్వు అక్కడితోనే ఆగింది. హైడ్రోజన్ నిల్వ చేసే ట్యాంకుకు అనుమతి ఇవ్వడం ఒక కార్యాలయం పని. అక్కడ అడిగితే ట్యాంకు వరకే మాది, పైపులోకి పంపే సంగతి మాది కాదన్నారు. పైపు సంగతి చూసే ఢిల్లీ బోర్డుకు రాశాం. కలిపే విషయంలో నియమాలు పరిశీలనలో ఉన్నాయని, ప్రయోగంగా చేయదలిస్తే గ్యాస్ కంపెనీ ద్వారా, జిల్లా నుంచి నిరభ్యంతర పత్రంతో రావాలని జవాబు వచ్చింది. గ్యాస్ కంపెనీ స్థానిక ఇంజనీరు మంచివాడు. జిల్లా పత్రం తెస్తే తమ పై వాళ్లకు తానే రాస్తానని, ఆ మూతి మీకే ఉంచుతానని అన్నాడు. జిల్లాలో అడిగితే బోర్డు అనుమతి ఉందా అన్నారు. ఒకరి కాగితం ఉంటేనే మరొకరి కాగితం. నేను ఇలాంటి వార్తలు చాలా రాశాను. రాసేటప్పుడు అవి నాలుగు పేరాల్లో అయిపోయేవి.

చివరకు జిల్లా కేంద్రమైన జనగామలో ఒక కార్యాలయం కొంచెం దిగివచ్చింది. ప్లాంటును కొన్నాళ్లు నడిపి, గ్యాసును లైన్లోకి కాకుండా గాల్లోకి వదిలి, ఆ పరీక్ష వివరాలు జతచేస్తే నిరభ్యంతర పత్రం సంగతి చూస్తామన్నారు. ఆయన నలభై రోజులు నడిపాడు. పొద్దున, సాయంత్రం జాయింట్లన్నిటికీ సబ్బు నీళ్లు పూశాడు. రిజిస్టర్ రాశాడు. పాత యంత్రం కదా, ఏడుసార్లు బుడగ వచ్చింది. ఏ జాయింటు, ఎన్ని గంటలకు, ఎంత బిగించాడు, తర్వాత ఏమైంది, అన్నీ రాశాడు.

ఆ రిజిస్టర్ నా దగ్గరకు తెచ్చి, "అన్నా, గిది మొత్తం పెట్టాల్నా, పైపైన రాసి పెట్టాల్నా?" అని అడిగాడు.

"మొత్తం పెట్టు. ఎంత పద్ధతిగ జేసినవో చూస్తరు" అన్నాను.

ఆ మాట నేనే అన్నాను. ఇన్నేళ్లు పేపర్లో పనిచేసి, 'లీకు' అనే మాటను ఎవరు ఎలా చదువుతారో నాకు తెలిసి ఉండాల్సింది. రాత్రి డెస్కులో అలాంటి మాట ఒక్కటి కనిపిస్తే హెడ్డింగు మార్చేవాళ్లం.

నెల తర్వాత పిలిచారు. ఇద్దరం వెళ్లాం. కాగితాలు చూసే ఉద్యోగిని నడివయసు మనిషి. కసురుకునే రకం కాదు. కుర్చీలు చూపించి, నీళ్లు తెప్పించింది. రిజిస్టర్‌లో ఏడు చోట్ల ఎర్ర పెన్సిల్ గీతలు ఉన్నాయి.

"బాపూ, నలభై దినాలల్ల ఏడుసార్లు లీకైందని మీరే రాసిన్రు. ఎనిమిదోసారి అయితే జవాబు ఎవ్వలు చెప్పాలె?"

"మేడం, దొరికింది గనకే రాసిన. దొరకకపోతె గద భయపడాలె."

"నాకు సమజైంది బాపూ. పైన సంతకం పెట్టేటోళ్లకు ఎట్ల సమజ్ చెయ్యాలె? మీరొక పని చెయ్యున్రి. కొత్త రిజిస్టర్ రాసుకొని రాన్రి. గీ ఏడు లేకుంట. తారీకులు అవే వెయ్యున్రి. నేను పంపిస్త."

ఆమె సాయం చేద్దామనే అంది. అది నాకు స్పష్టంగా తెలుసు. ఆయన రిజిస్టర్‌ను తన వైపు తిప్పుకుని మూశాడు.

"నలభై దినాలు లీకే లేదని రాస్తె, బ్రష్ తడపలేదని అర్థం మేడం" అన్నాడు.

"బ్రష్ ఏంది?"

ఆయన చెప్పడం మొదలుపెట్టాడు. సబ్బు నీళ్లు, షిఫ్టు, పై ఇంజనీరు. సగం చెప్పేసరికి ఆమె ఫోను మోగింది. ఎత్తి మాట్లాడింది. మాట్లాడుతూనే మా వైపు చేత్తో సైగ చేసింది, ఆలోచించుకుని రండని.

బస్టాండుకు నడిచి వస్తూ నేను బతిమాలాను. "ఏం కాదన్నా, కొత్తది రాయి. పాతది నీ దగ్గర పెట్టుకో."

"నువ్వే గద మొత్తం పెట్టుమన్నది" అన్నాడు. కోపంగా అనలేదు. తర్వాత ఇంకోమాట అన్నాడు: "ఆ డబ్బ పక్కన పొద్దుందాక ఉండేది నా పెండ్లాం. రేపు నిజంగ లీకైతే, అబద్ధం రాసిన పుస్తకం చూసి ఏం జేస్త?"

రాయలేదు. దరఖాస్తు మీద 'భద్రతా కారణాలపై పరిశీలనలో ఉంచడమైనది' అని రాశారు. దాని నకలు గ్యాస్ కంపెనీకి వెళ్లింది. మంచి ఇంజనీరు అప్పటికి బదిలీ అయ్యాడు. కొత్తగా వచ్చినాయన ఆ నకలు చదివి, వాడని మూతులు ఉండకూడదని వాటిని మూయించమన్నాడు. వెల్డర్ వచ్చింది అందుకే.

ఆ తర్వాత కూడా మేం ఢిల్లీకి రెండు ఉత్తరాలు రాశాం. మొదటిదానికి అందినట్టు రసీదు వచ్చింది. రెండోదానికి అదీ లేదు. నియమాలు వస్తున్నాయని పేపర్లో అప్పుడప్పుడు చూస్తుంటాను. కత్తిరించి ఆయనకు పంపడం మానేశాను. ఆయన అడగడమూ మానేశాడు. యంత్రం మీద పరదా కప్పాడు. గ్యాసు విడదీయడానికి దాని కడుపులో పోసిన క్షారం నీళ్లు ఇంకా ఉన్నాయి. చేలో పారబోయడానికి లేదు, తీసుకుపోయేవాడు దొరకలేదు. వారానికోసారి షెడ్డు తలుపు తీసి దాని చుట్టూ తిరిగి చూసి వస్తాడని భార్య చెప్పింది. "పీనుగ కాడ కూసున్నట్టు కూసుంటడన్నా" అంది.

ఆమె ఆ రెండెకరాల్లో మళ్లీ పత్తి పెట్టింది. పంట నమోదుకు వచ్చిన అధికారి తన ఫోన్లో చూసి, ఈ సర్వే నంబరు మీద సాగు భూమి లేదన్నాడు. నమోదు లేకుండా కొనుగోలు కేంద్రంలో పత్తి తీసుకోరు. పెట్టుబడి సాయమూ రాదు. ఆమె అతని చేయి పట్టుకుని చేలోకి తీసుకెళ్లి, మోకాళ్ల ఎత్తు మొక్కలు చూపించింది. "ఇవి ఏంది మరి? గడ్డా?" అని అడిగింది. అతను మొక్కల ఫొటో తీసుకున్నాడు గానీ ఎక్కించలేకపోయాడు.

భూమిని తిరిగి వ్యవసాయం కిందకు మార్చమని పోయిన నెల ముగ్గురం కలిసి వెళ్లి అడిగాం. ఏ పని కోసం మార్చారో ఆ పనికి అనుమతి నిరాకరించినట్టు కాగితం జతచేయాలన్నారు. ఆ కాగితం కోసం జనగామ వెళ్లాం. నిరాకరించలేదు కదా, పరిశీలనలో ఉంది అన్నారు. దరఖాస్తునే వెనక్కి తీసుకుంటామంటే, పైకి పోయిన ఫైలును కింద నుంచి వెనక్కి తీసుకునే వీలు లేదన్నారు. దరఖాస్తు ఈ రోజుకూ పరిశీలనలోనే ఉంది.