వాగు నీళ్లు ముందు తాగే బావ

మా పెద్దబావ, నా పెనిమిటి అన్న, గొర్లు కాసేటోడు. మఠంపల్లి దిక్కున్న మా వాగుకు మందను తోలుకపోయినప్పుడల్లా ముందు తాను దోసిట్ల నీళ్లు తీసుకొని తాగేటోడు. ఆ తర్వాతనే గొర్లను వదిలేటోడు. "నోరులేని జీవాలు. వాటికి మనమే నాలిక," అనేటోడు.

తొంభైల కాలంల అందరికీ పత్తి మోజు పట్టింది. నా పెనిమిటి, నేను కూడ వాగు పైనున్న గుట్ట మీద చెట్లు, కంప కొట్టేసి పత్తి పెట్టినం. రెండేండ్లల్లనే వానలకు గుట్ట మట్టి కొట్టుకొచ్చి వాగు పూడింది. పారే నీళ్లు పోయి మడుగులు మిగిలినయ్. ఒకనాడు చేనుకు పురుగుమందు కొట్టినంక, ఆ మడుగుల్లనే నేను మందు డ్రమ్ము కడిగిన.

ఆ మధ్యాహ్నం బావ నీళ్లు నోట్ల పోసుకొని ఉమ్మేసిండట. కర్ర అడ్డం పెట్టి అదిలించినా దప్పికైన మంద ఆగలే. పద్నాలుగు గొర్లు గట్టు మీదనే పడి సచ్చిపోయినయ్. బావ రెండు రోజులు దవాఖానల ఉన్నడు.

ఆయన ఇంటికి రాంగనే పోయి చెప్పిన. "బావా, డ్రమ్ము కడిగింది నేనే."

ఆయన లేచి తలుపు దగ్గరికేసిండు.

"ఊకో అమ్మా. గొర్లకు రోగమొచ్చింది. ఎవరడిగినా గట్లనే చెప్పు."

మిగిలిన గొర్లను అమ్మేసి రాళ్లు కొట్టే పనికి పోయిండు. మందను చూసుకోలేక సంపుకున్నడని, బతికినన్నాళ్లు ఊరోళ్లు ఆయన్నే అన్నరు. ఆయన ఒక్కనాడూ కాదనలే. నేనూ నోరిప్పలే.