సముద్రపు మబ్బు, తల్లాడ మిరపకాయలు

ఆ రోజుల్లో నేను ఒకచోట కుదురుగా కూర్చోగా చూసినవాళ్లు లేరు. బూర్గంపాడులో పుట్టి, గోదావరి తప్ప మరో నీళ్లెరుగని నాకు తొంభైల మొదట్లో విశాఖపట్నంలో ఉద్యోగం దొరికింది. సముద్రం పైపై నీళ్లలో ప్లాంక్టన్ అని కంటికి కనిపించనంత చిన్న మొక్కలు తేలుతుంటాయి. వాటివల్ల గంధకం కలిసిన వాయువొకటి పుట్టి గాలిలోకి లేస్తుంది. పడవ మీద వెళ్లి, సీసాల్లో నీళ్లు పట్టి, అందులో ఆ వాయువు ఎంతుందో కొలవడం నా పని. (పడవెక్కగానే వాంతులు చేసుకోవడం నా సొంత పని. దానికి జీతం లేదు.)

ఇదంతా తల్లాడలో పెళ్లిచూపులప్పుడు చెప్పాల్సి వచ్చింది. అమ్మాయి ఒక్కసారి తలెత్తి చూసింది. ఈ సంబంధం తప్పిపోతే బతకలేననిపించింది నాకు. దాంతో కాళ్లు వాటంతటవే ఊగడం మొదలుపెట్టాయి. పక్కనున్న మా మేనమామ తొడ మీద గిల్లి, "జర సక్కగ కూసోరా" అని గొణిగాడు. అమ్మాయి తండ్రి మాత్రం నన్ను చూడటం లేదు. గుమ్మంలోంచి కల్లంలో ఆరబోసిన మిరపకాయల్నీ, ఆకాశాన్నీ మార్చి మార్చి చూస్తున్నారు.

"ఏం నౌకరీ బాబూ?" అన్నారు చివరికి. చెప్పాను.

"అంటే, సముద్రం వాసన చూస్తే జీతమిస్తరా?"

"అవ్ మామయ్యా." (తొందరపడి అప్పుడే మామయ్యను చేసేశాను.) "ఆ వాయువే పైకి పోయి మబ్బులు కట్టనీకి సాయపడుతదంటున్నరు."

ఆయన తూర్పు దిక్కు వేలు చూపించి, "అయితే గా మబ్బు మీదేనా? జర ఆపు మరి" అన్నారు.

నేను నోరు తెరిచేలోపే చినుకులు మొదలయ్యాయి. ఇల్లంతా కల్లం మీదికి పరుగెత్తింది. "నువ్వు పెండ్లికొడుకువి, లేవకు" అన్నాడు మేనమామ. నా వల్ల అయ్యే పనేనా! ఇస్త్రీ చొక్కాతోనే ఉరికి మిరపకాయలు కుప్పకు ఎగదోశాను. టార్పాలిన్ ఒక కొస ఆమె, ఒక కొస నేను పట్టి కప్పాం. ఆ ఊపులో అదే చేత్తో కళ్లు తుడుచుకున్నాను. తర్వాత నేను వేసిన గంతులు చూసి ఆ వీధి పిల్లలు చాలాకాలం చెప్పుకున్నారట. ఆమె చెంబుతో నా కళ్లమీద నీళ్లు చల్లుతూ, నవ్వు ఆపుకోలేకపోయింది. బొటబొటా ఏడుస్తూనే ఆ నవ్వు విన్నాను. అంత మంటలోనూ ఎంతో సంతోషం వేసింది.

"నీ నౌకరీ ఏందో నాకు సమజ్ కాలే" అన్నారు ఆమె తండ్రి, తడిసిన తలగుడ్డ పిండుకుంటూ. "కానీ పిలవకముందే కల్లంలకు ఉరికినవు. గది చాలు. ముహూర్తం జల్దీ పెట్టుకుందం."

ఆ తర్వాత ఏటా మిరపకాయలు ఆరబోసే వేళకు ఆయన దగ్గర్నుంచి కబురొచ్చేది, "అల్లుడూ, మీ మబ్బులను జర ఆగమను" అని. అది నా చేతిలో లేదని శాస్త్రమంతా విప్పి చెప్పబోయేవాణ్ణి, తెలివితక్కువగా. ఆయన పోయి చాలా ఏళ్లయింది. ఇప్పుడు ఎక్కడ ఎంత వాన కురిసినా ఆ తప్పు నామీద వేసేవాళ్లు లేరు. నవ్వొస్తుంది గానీ, ఆ నింద లేకపోవడమే నాకు వెలితి.