ఏ మోడలండి?

ఎడమ కన్ను ఒక బండిది, కుడి కన్ను ఇంకో బండిది అని చెప్పి బ్రేకు ఇన్‌స్పెక్టరు గారు మా కారును వెనక్కి పంపేశారు.

ఆయన తప్పేమీ లేదు. పదిహేనేళ్ళు నిండిన కారుకు రిజిస్ట్రేషన్ మళ్ళీ చేయించుకోవాలి. దానికి ముందు బండిని తీసుకెళ్ళి చూపించాలి. ఆయన హారన్ కొట్టించారు, బ్రేకు తొక్కించారు, టైర్ల గాడుల్లో వేలు పెట్టి చూశారు. అన్నీ బాగానే ఉన్నాయి. చివర్లో లైట్లు వెయ్యమన్నారు. స్టీరింగు దగ్గర కూర్చున్న మా ఆవిడ వేసింది. ఆయన బండి ముందు నిలబడి, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని వంగి చాలాసేపు చూశారు.

"మాస్టారూ, ఓసారి ఇటు రండి. ఇదెటు చూస్తోందండీ?"

కుడి లైటు తిన్నగా రోడ్డును చూస్తోంది. ఎడమ లైటు మొహం పైకెత్తి కరెంటు తీగల్ని చూస్తోంది. అది చోటుకు సరిపోక కిందవైపు మిగిలిన సందులో మా మెకానిక్ పాత ట్యూబు ముక్కలు కుక్కి, పైన నల్లటి ముద్ద ఏదో మెత్తాడు.

"వెలుగుతోంది కదండీ!" అంది మా ఆవిడ లోపలి నుంచే.

"వెలుగుతోందమ్మా, కాదనను. ఎదురొచ్చేవాడి కళ్ళు పోతాయి. సరైన లైటు పెట్టించి తీసుకురండి. నెల రోజులు చూస్తాను. ఆ తరవాత రోడ్డు మీద కనపడితే మళ్ళీ నేనే ఆపాలి, ఏం బాగుంటుంది?"

సరైన లైటు. ఆ రెండు మాటలు ఎంత తేలిగ్గా అనేశారో! అప్పటికి మేం మూడు లైట్లు కొని ఉన్నాం.

మా ఆవిడ పనిచేసే హైస్కూలు నరసాపురం దగ్గర ఒక పల్లెలో ఉంది. మేం ఉండేది టౌనులో. బస్సు మెయిన్ రోడ్డు మీద వదిలేసి పోతుంది. అక్కడి నుంచి కాలువ గట్టు పట్టుకుని వెళ్ళాలి. ఆటో నిండితేగానీ కదలదు, అది నిండేసరికి బళ్ళో ప్రార్థన అయిపోతుంది. ఏళ్ళ తరబడి నేనే స్కూటరు మీద దింపేవాణ్ణి. నాది పత్రిక ఉద్యోగం కదా, ఎక్కడో ఏదో జరిగిందని కబురొస్తే ఆవిణ్ణి గట్టు మొదట్లోనే వదిలేసి అటు నుంచి అటే పోయేవాణ్ణి. మిగిలిన దారంతా ఆవిడ చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని నడిచి వెళ్ళేది. నలభై మూడో ఏట, నాతో ఒక్క మాట కూడా చెప్పకుండా, డ్రైవింగ్ స్కూల్లో చేరింది. ఆ ఏడే ఈ కారు కొన్నాం. ఆవిడకు ఇప్పటికి ఇంకా నాలుగేళ్ళ సర్వీసుంది.

అందుకే ఆ రోజు తిరిగి వస్తూ "పోనీలే, మళ్ళీ నేను దింపుతాను" అన్నప్పుడు ఆవిడ రోడ్డు మీంచి చూపు తిప్పకుండానే అంది:

"దింపడానికి నేనేమన్నా కొబ్బరికాయనా? నన్ను దింపక్కర్లేదు. లైటు తెప్పించండి, చాలు."

ఇది ఒక చిన్న జపాను కారు. పేరు చెప్పక్కర్లేదు. మా జిల్లాల్లో ఏ వీధిలో నిలబడి చూసినా ఒకటైనా కనపడుతుంది. కష్టమంతా ఆ పేరుతోనే. ఆ కంపెనీవాళ్ళు కొన్నేళ్ళకోసారి కారుకు ఒళ్ళంతా మార్చేసి, పేరు మాత్రం పాతదే ఉంచుతారు. దాన్ని తరం అంటారు. మనకు మొదటి తరమని అమ్మినది అప్పటికే జపానులో రెండోదట. కాబట్టి ఇంటర్నెట్టులో చూస్తే ఒకచోట మా కారు మొదటి తరం, ఇంకోచోట రెండో తరం. ఇది చాలదన్నట్టు ఒక్కో తరానికి మధ్యలో మొహం మాత్రం మారుస్తారు. లైట్లు, బంపరు, ముందున్న జాలీ కొత్తవి, తక్కినదంతా పాతదే. మనుషుల్లో ఇలాంటి చుట్టరికాలుంటే శుభలేఖ రాయడం ఎవరివల్లా కాదు.

మేం కొనే నాటికి కొత్త తరం వచ్చేసింది. వచ్చిందని పేపర్లో వార్త రాసినవాణ్ణి నేనే. "పాత మోడలుకు సెలవు" అని హెడ్డింగు కూడా పెట్టాను. కొన్ని నెలల తరవాత షోరూముకు వెళ్తే పాతది కొత్తదాని పక్కనే నిగనిగలాడుతూ నిలబడి ఉంది. అడిగేవాళ్ళు ఇంకా ఉన్నారని దాన్ని అమ్ముతూనే ఉన్నారట. నా వార్తకు సవరణ వేయలేదు. ఎవరూ అడగలేదు కూడా.

మా ఆవిడ నాలుగడుగుల తొమ్మిదంగుళాలు. ముందు కొత్తదాంట్లో కూర్చుంది. బానెట్టు ఎత్తు, కిటికీ అంచు ఎత్తు. "నాకు స్టీరింగూ ఆకాశమూ కనపడుతున్నాయండి" అంది. సేల్స్ కుర్రాడు "సీటు పైకి లేపుకోవచ్చు మేడం" అని లేపాడు. అప్పుడు రోడ్డు కనపడింది గానీ కాళ్ళు క్లచ్చుకు అందలేదు. పాతదాంట్లో కూర్చుంది. బానెట్టు కిందికి వాలి ఉంది, అద్దాలు వెడల్పు. ఎడమ చేతి వైపు ముందు మూల ఎక్కడ ముగుస్తుందో కూర్చున్నచోటి నుంచే కనపడింది. "ఇది" అంది. అంతే.

ఊళ్ళలో తిరిగేవాళ్ళకు ఆ మూల సంగతి పట్టదు. గట్టు మీద ఒక పక్క కాలువ, ఇంకో పక్క పొలాలకు నీరు పారే బోదె. ఎదురుగా వరికోత మిషను వస్తే మన ఎడమ చక్రం అంచు మీదకు వెళ్ళాల్సిందే. అంచు కనపడాలి.

మరి పాత లైటుకు ఏమైందంటే, స్కూలు సందులో ధాన్యం బస్తాల ట్రాక్టరు వెనక్కి జారి ఆగి ఉన్న మా కారుకు తగిలింది. డ్రైవరు చాలా బాధపడ్డాడు. "ఒక్క లైటే కదండీ పోయింది, ఎక్కడైనా దొరుకుద్దండి" అన్నాడు.

రాజమండ్రిలో స్పేరు పార్టుల షాపుకు ఫోను చేశాను.

"ఏ మోడలండి?"

కంపెనీవాడికి మోడలంటే కారు పేరు. మనవాళ్ళకు మోడలంటే కొన్న సంవత్సరం. నేనూ మనవాణ్ణే కాబట్టి సంవత్సరం చెప్పాను. "ఆయ్, ఉందండి" అని ఆయన వెంటనే బస్సులో పార్సిల్ వేశారు. విప్పితే గుమ్మడికాయంత లైటు, కొత్త తరానిది. ఆ సంవత్సరం కొన్నవాడు కొత్తదే కొని ఉంటాడని ఆయన అనుకున్నారు. ఎవరైనా అనుకుంటారు.

మా మెకానిక్ దాన్ని కారు పక్కన పెట్టి తల అడ్డంగా ఊపాడు. పాతికేళ్ళుగా చూస్తున్న మనిషి, చేతి మీద నమ్మకముంది. నోటి మీద అదుపు లేదు.

"మీ బండికి వయసొకటి, ఒళ్ళొకటి గురువు గారూ. ఈసారి పాత షేపని చెప్పండి."

పాత షేపని చెప్పాను. రెండో లైటు వచ్చింది. పాత షేపే, కానీ మొహం మార్చకముందుది. కిందవైపు రెండంగుళాల సందు మిగిలింది. ట్యూబు ముక్కలు కుక్కింది దీనికే.

"ముందు ముసలిది, వెనక పడుచుది అయిందండి" అన్నాడు మెకానిక్, తన పని తనే చూసుకుని నవ్వుకుంటూ.

మూడోసారి నేను ఫోటోలు తీసి పంపాను. మా కారు జాలీకి మూడు అడ్డపట్టీలు ఉన్నాయనీ, మొహం మార్చకముందు దానికి వలలాంటి జాలీ ఉంటుందనీ వివరంగా చెప్పాను. షాపాయన ఓపిగ్గా విని, గోడౌను మొత్తం వెతికించి, ఒక్కటే ఉందన్నారు. ఎడమదేనా అని మూడుసార్లు అడిగాను. ఎడమదేనండి బాబూ అన్నారు. వచ్చింది. అచ్చంగా మాదే, గీత పడని కొత్త లైటు. కుడిది.

"ఎడమంటే ఎదురుగా నిలబడితే ఎడమ చేతి వైపుది కదండీ?" అన్నారాయన ఫోనులో.

"లోపల కూర్చుంటే ఎడమండి."

"ఫోటో ఎదర నుంచి తీశారు గదండీ మరి!"

జీవితంలో సగం కాలం ఇతరుల వాక్యాలు దిద్దినవాణ్ణి. ఎడమ అన్న మాట సరిగ్గా చెప్పలేకపోయాను. కంపెనీకి రాస్తే ఆ తరానికి లైట్లు తయారు చెయ్యడం మానేశామని మర్యాదగా జవాబిచ్చారు.

మా బావమరిది ఊరుకోలేదు. వాడి దగ్గర అదే పేరుతో అన్నిటికన్నా కొత్త తరం ఉంది. "అక్కా, ఇంకా ఆ డొక్కు ఎందుకే? నాది తీసుకో, వారం రోజులు నడిపి చూడు" అని తెచ్చి గుమ్మం ముందు పెట్టాడు. ఆవిడ రెండు రోజులు నడిపింది. మూడో రోజు గట్టు మీద ఎదురుగా గడ్డి ట్రాక్టరు వస్తే దారివ్వడానికి రివర్సు వేసింది. బండి కూతలు మొదలుపెట్టింది. వెనక ఏదైనా దగ్గరకొస్తే కూస్తుంది కదా, గట్టు నిండా రెల్లుగడ్డే. గడ్డికీ అదే కూత, రాయికీ అదే కూత. ఆవిడ మధ్యలోనే ఇంజను ఆపేసి దిగి, ట్రాక్టరు డ్రైవరుకు తాళం ఇచ్చి, "బాబూ, దీన్ని నువ్వే పక్కకు తియ్యి" అందట.

సాయంత్రం తమ్ముడి చేతిలో తాళం పెట్టింది.

"కెమేరా ఉంది కదే అక్కా, చూసుకోవచ్చు కదా!"

"కెమేరాలో కాలువ అద్భుతంగా ఉందిరా. నేనెక్కడున్నానో తెలియలేదు."

బ్రేకు ఇన్‌స్పెక్టరు దగ్గరకు మేం ట్యూబు ముక్కలతోనే వెళ్ళింది ఆ తరవాతే. కంగారుపడి కాదు, వేరే దారి లేక. నెల గడువుతో తిరిగొచ్చాక మా మెకానిక్ తణుకు నుంచి ఏలూరు దాకా తెలిసిన షెడ్లన్నిటికీ ఫోన్లు చేశాడు. ప్రతిచోటా మొదటి ప్రశ్న ఒకటే. "ఏ మోడలండి?" వాడు విసుగొచ్చి, "మోడలు అడక్కండి, మూడు పట్టీలదా అని అడగండి" అని అరవడం మొదలుపెట్టాడు.

పది రోజులకు ఒక ఫోను వచ్చింది. చేసిన మనిషి నాకు తెలియదు.

"జంగారెడ్డిగూడెం నుంచండి. పామాయిల్ తోటండి మాది. మీ దగ్గర కుడి లైటు ఉందటగదండీ? రాజమండ్రి షాపాయన చెప్పారు."

"ఉందండి. మీ దగ్గర ఎడమది ఉందా?"

"ఎందుకు లేదండీ, ఉంది. బండికే ఉంది."

"అమ్మేస్తారా?"

"అదేంటండీ, అమ్మేస్తే నేను దేంతో తిరగను? నాకు కుడిదే పగిలింది. మీ బండెలాగూ ఆగిపోయింది కదా అని అడుగుతున్నాను."

"ఎవరన్నారండి ఆగిపోయిందని?"

"అంటే... ఎప్పుడు ఆగుద్దండీ?"

ఆయన వెటకారంగా అనలేదు. చాలా మర్యాదగా, పక్కింటివారి గేదె ఎప్పుడు ఈనుతుందని అడిగినట్టు అడిగారు. నేనూ అంతే మర్యాదగా, మీదెప్పుడు ఆగుతుందండీ అన్నాను. మా ఆవిడ నా చేతిలోంచి ఫోను లాక్కుంది.

"నమస్కారమండి. మీది పట్టీలదా, వల జాలీదా?"

"మూడు పట్టీలదండి."

"మనదే. మీకూ పదిహేనేళ్ళు నిండుతున్నాయా?"

"వచ్చే వారానికండి. మా అమ్మాయి ఇప్పుడే దాని మీద నేర్చుకుంటోందండి, మేడం గారూ. కాలేజీకి తనే వెళ్తానంటోంది. అందుకే ఇంత వెతుకులాట."

మా ఆవిడ అడ్రసు రాసుకుంది. మర్నాడు కుడి లైటును పాత తువ్వాలులో చుట్టి, అట్టపెట్టెలో పెట్టి బస్సుకు ఇచ్చి రమ్మంది. నాకు ఒళ్ళు మండింది. మన చేతిలో ఉన్నది అదొక్కటే, దాన్ని పట్టుకుని బేరం ఆడితే ఆయన ఎడమది ఇచ్చేవాడేమో కదా అన్నాను.

"ఇస్తే ఆ పిల్ల బండి ఆగుతుంది. మనకు కుడిది ఎందుకండీ? మన కుడి కన్ను బాగానే ఉంది."

"మరి మన సంగతి?"

"వెతకండి. ఇరవై రోజులుంది కదా."

జంగారెడ్డిగూడెం కారు పాసయిందని ఆయన ఫోను చేసి చెప్పారు. ఎప్పుడైనా తీసేస్తే ఎడమ లైటు మీదేనండి, మాటిస్తున్నాను అన్నారు. అమ్మాయి మాత్రం బ్రహ్మాండంగా నడుపుతోందట, ఇప్పట్లో తీసేలా లేదట. మా మెకానిక్ ఇప్పుడు అమలాపురం వైపు షెడ్లకు ఫోన్లు చేస్తున్నాడు. మా ఆవిడ రోజూ పగటి పూటే, అదే కారులో బడికి వెళ్ళి వస్తోంది. ఇన్‌స్పెక్టరు గారు ఇచ్చిన నెలలో ఇంకా తొమ్మిది రోజులు మిగిలాయి. ఎడమ లైటు దొరకలేదు.