గాయబ్ అన్న మాట

ఇరవై ఏళ్ల కిందట, సూరత్‌లోని కతర్‌గామ్‌లో వజ్రాలు సానబెట్టే చిన్న కార్ఖానా చూడటానికి వెళ్లాను. అక్కడ పనిచేసే కరీంనగర్ మల్లేశం నా ఎడమ అరచేతిలో ఒక రవ్వ పెట్టాడు. నాకు చేతిగారడీ సరదా. దాన్ని కుడిచేతిలోకి మార్చినట్టు నటించి, కుడి పిడికిలి విప్పి, అందరికీ అర్థమయ్యేలా హిందీలో "గాయబ్!" అన్నాను, మాయమైందన్నట్టు.

ఎవరూ నవ్వలేదు. సానచక్రాలు ఆగిపోయాయి. ఎక్కడివాళ్లక్కడే రెండు అరచేతులూ విప్పి ముందుకు చాపారు. మల్లేశం అప్పటికే జేబులు బయటికి లాగి చూపిస్తున్నాడు.

"ఊరికే ఆట! ఇదిగో," అంటూ ఎడమచెయ్యి తెరిచాను.

"మస్తు చేసిన్రు సార్, నేను గూడ నమ్మిన," అన్నాడతను, జేబులు లోపలికి తోసుకుంటూ. "గాయబ్ అన్న మాట మాత్రం ఈడ అనకుండ్రి."

అద్దం ముందు ఏళ్లపాటు సాధన చేసింది ఆ మెప్పు కోసమే. తలెత్తి అతని ముఖం చూడలేకపోయాను.