గంగవాయిలి కూర పప్పు

పిల్లలూ, పోయిన వేసవిలో మీరు ఢిల్లీలో మా వసంత్ కుంజ్ వచ్చి, మా కాలనీ పార్కులో దొర్లి ఒళ్లంతా దద్దుర్లు తెచ్చుకున్నారు, గుర్తుందా? ముందురోజే ఆ గడ్డి మీద పురుగుల మందు కొట్టించారు. వెళ్లి అడిగితే కాలనీ సెక్రటరీ నవ్వాడు. ఆయనా తెలుగువాడే.

"అరే ఆంటీ, ఆ మందు తాగినా ఏం కాదు."

మళ్లీ మందు కొట్టించిన మర్నాడు, ఆయనకి ఇష్టమని గంగవాయిలి కూర పప్పు వండి పట్టుకెళ్లాను. రెండు ముద్దలు తిన్నాక మెల్లగా చెప్పాను.

"మన పార్కు గడ్డిలో మొలిచిన కూరే నాయనా. పొద్దున్నే కోశాను."

మూడో ముద్ద చేతిలోనే ఆగిపోయింది.

"ఏం కాదన్నావుగా, తిను."

ఆ వారమే మందు మాన్పించాడు. ఆ కూర కూరగాయల మండీలో కొన్నదని ఇంకా చెప్పలేదు. మీరు పది రోజులు గోక్కున్నారు. ఆయన్నీ కొన్నాళ్లు ఉత్త అనుమానంతో గోక్కోనివ్వండి.