కాలవ వంతెన దగ్గర సైకిల్ పరీక్ష

డ్యూటీ దిగి వస్తుంటే, ఈ పరాయి దేశపు బౌషర్‌లో మా రూమ్ కింద సైకిల్ షాపతను చక్రం తిప్పి వదిలాడు. టిక్ టిక్ టిక్... ఆ చప్పుడుకి నాకు చెయిన్‌కి రాసిన కొబ్బరినూనె వాసన వచ్చేసింది. మన ఈడు వాళ్ళూ, గుర్తుందా ఆ వాసన?

చిన్నప్పుడు మా ఇంట్లో రెండు సైకిళ్ళుండేవి. నాన్నది ఎత్తు నల్ల సైకిలు, రెండోది పిన్ని వదిలి వెళ్ళిన లేడీస్ సైకిలు. "బాగా సాగేది ఉంచుకుని రెండోది బాబాయికి ఇచ్చేద్దాం" అన్నాడు నాన్న. పరీక్షేంటంటే, అక్కా నేనూ చెరొకటి ఎక్కి కాలవ వంతెన మీంచి తొక్కకుండా కిందికి వదలాలి. ఆగిన చోట ఇటుక ముక్కతో గీత గీయాలి; ఎక్కువ దూరం వెళ్ళిందే గెలిచినట్టు.

అక్క ఏదెక్కితే అదే గెలిచింది. నాకన్నా బరువు కదా! బరువు సమానం కావాలని నా క్యారియర్‌కి ఇటుకలు కట్టారు. ఈలోగా ఎదురుగాలి మొదలైంది. "ఇది సైకిళ్ళకి పరీక్షా, మీకా?" అని నాన్న విసుక్కుని, రెండూ నన్నే ఎక్కమన్నాడు.

నాకేమో సీటు అందే లేడీస్ సైకిలే కావాలి. నల్లదాని పెడల్ మీద నిలబడి దిగుతూ, ఒక కాలు జార్చి చెప్పు నేలకి ఆనించాను. కొంచెమే.

నల్లది ఓడిపోయి బాబాయింటికి వెళ్ళిపోయింది. ఆరడుగుల నాన్న మోకాళ్ళు పక్కలకి పెట్టుకుని, ఏళ్ళ తరబడి ఆ చిన్న సైకిలు మీదే మిల్లుకి వెళ్ళాడు.

"తొక్కి చూడండి సిస్టర్, ఎంత బాగా సాగుతుందో" అన్నాడు షాపతను. నవ్వేసి రూమ్‌కొచ్చి, నాన్నకి ఫోన్ చేసి నిజం చెప్పేశాను.

"మట్టిలో నీ చెప్పు గీత అప్పుడే చూశానమ్మా" అన్నాడు. "అక్క చూస్తే గొడవ చేస్తుందని నేనే కాలితో చెరిపేశాను."