ముసలాయన

దవాఖాన వరండాలో పక్కన కూర్చున్నామె ఎండిన ఇప్పపువ్వు మూట విప్పింది. ఆ మత్తు వాసనకు నాకు మహదేవపూర్ అడవి గుర్తొచ్చింది.

చిన్నప్పుడు తెల్లవారుతుండగా అమ్మమ్మతో ఇప్పపువ్వు ఏరడానికి వెళ్లేదాన్ని. ఆ పువ్వు కోసం ఎలుగుబంట్లూ వచ్చేవి. అడవిలో ఉన్నంతసేపూ అమ్మమ్మ ఎలుగుబంటిని "ముసలాయన" అనే అనేది. ఒకరోజు చెట్టు కింద గోళ్ల జాడలు చూసి, "గుడ్డెలుగు!" అని అరిచాను. అమ్మమ్మ సగం నిండిన గంపను అక్కడే వదిలేసి, నా చేయి పట్టుకుని ఇంటిదారి పట్టింది.

"గా పేరెందుకు ఎత్తినవే? పేరెత్తితే పిలిచినట్టే. మా అవ్వలు గందుకే ముసలాయన అన్నరు."

"అట్లంటే రాడా?"

"తనను గాదనుకుంటడు."

అమ్మమ్మకు నా మీద కోపమొచ్చిందనుకుని దారంతా ఏడ్చాను. అది కోపం కాదు, భయమని అప్పుడు తెలియలేదు.

"డాక్టర్ ఏమన్నడు బిడ్డా?" బెంచీ మీద పడుకున్న అమ్మ అడిగింది. చేతిలో ఉన్న రిపోర్టులోని జబ్బు పేరు నా నోటికి రాలేదు.

"కడుపుల జర పుండైందట," అన్నాను.

అమ్మ దాని పేరు అడగలేదు. ఆమె కూడా ఆ అడవిలో పువ్వు ఏరిన మనిషే.